కానుగ తోపు దగ్గర వంపు

ఉగాది పోయాక మూడో ఆదివారం, పొద్దున అయిదు గంటలు. మా ఇంట్లో గడియారం లేదు. స్టేషనుకు వచ్చే బండి ఆ వేళకు కూత పెట్టేది, ఆ కూతకే మా వాడకట్టంతా లేచేది. ఆ ఏడే వానలు వెనకబట్టినాక ఎక్కడో తెల్లదొరల సీమలో పెద్ద యుద్ధం మొదలైందని ఊళ్ళో చెప్పుకున్నారు. కాబట్టి ఏ ఏడో లెక్క కట్టుకోవడం ఎవరికీ కష్టం కాదు.

గద్వాలలో కోట వైపు నుంచి స్టేషనుకు పోయే సడక్ ఒకటుంది. తిన్నగా వచ్చి వచ్చి, మా కానుగ తోపు దగ్గర ఒక్కసారిగా పక్కకు వంగి, తోపు దాటాక మళ్ళీ తిన్నగా పోతుంది. బస్సు నడిపేవాళ్ళు ఆ వంపు దగ్గర తిట్టుకోని రోజు లేదు. ఎందుకు వంగిందని అడిగితే మనిషికో కథ చెబుతారు. దొరల గుర్రం అక్కడ మొండికేసిందని ఒకరంటారు. కింద పాత్రల్లో బంగారం ఉందని ఒకరు. అమ్మవారు కలలోకి వచ్చి అడ్డం చెప్పిందని మా మనవడే నాకు చెప్పాడు. అమ్మవారు రాలేదు నాయనా, మీ ముత్తాత వచ్చాడు. అది రాద్దామనే కూర్చున్నాను. అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి. కథలల్లి రాసేంతగా చెయ్యి తిరగలేదు. చూసిందే రాస్తాను.

అప్పటికి నాకు పదిహేడేళ్ళు. కొత్తకోట దిక్కు పల్లె నుంచి కాపురానికి వచ్చి ఏడాది నిండలేదు. పుట్టిల్లూ నేతిల్లే, మెట్టిల్లూ నేతిల్లే. మామ తక్కువ మాట్లాడే మనిషి. అత్త ఆయన వంతు కూడా తనే మాట్లాడేది. అత్తది రాయచూరు దిక్కు. కోపం వస్తే సగం కన్నడం కలిసేది. ఇంటాయన ఒక్కడే కొడుకు.

నేత తెలియని వాళ్ళకు ఒక మాట చెప్పాలి. బట్టలో నిలువునా పోయే దారాలను పడుగు అంటారు. మగ్గానికి ఎక్కించే ముందు ఆ పడుగును బారుగా చాపి, గంజి పట్టించి, పెద్ద కుంచెతో దువ్వుతూ నీడలో ఆరబెట్టాలి. గంజి పట్టని నూలు మగ్గం మీద నిలవదు, పీచు లేచి తెగిపోతుంది. గద్వాల చీర అనగానే అందరికీ పట్టు అంచూ జరీ కొంగూ గుర్తొస్తాయి. చీర ఒళ్ళంతా నూలే. ఆ నూలుకు ఎండ పడదు, గాడ్పు పడదు, దుమ్ము అసలే పడదు. అందుకే పొద్దు పొడవక ముందు, చెట్ల కింద చేసేది.

ఒక ఇంటివాళ్ళు పడుగు చాపితే వాడకట్టంతా వచ్చి చెయ్యి వేసేది. కూలి లేదు, పిలుపు లేదు. ఇవాళ మీది, రేపు మాది. ఇంకొక కట్టడి ఉండేది. తడి పడుగును దాటకూడదు, కింద నుంచి దూరకూడదు. అవతలికి పోవాలంటే కొస దాకా నడిచి చుట్టి రావాల్సిందే, ఎంతటి వాడైనా. కుక్క దూరబోతే అత్త రాయి అందుకునేది. మనిషి దూరబోయినా అదే రాయి.

అత్త కాపురానికి వచ్చిన కొత్తలో పడుగులు మా వీధిలోనే చాపేవారట. అప్పుడు వీధికి రెండు పక్కలా వేపచెట్లు ఉండేవట. తర్వాత రైలు వచ్చింది. రైలు వెనకాల పత్తి మిల్లు వచ్చింది, పల్లీ నూనె మిల్లు వచ్చింది. మల్దకల్ దిక్కు నుంచి పల్లీల బండ్లు తెల్లారక ముందే బారులు తీరి మా వీధి మీదుగానే స్టేషనుకు పోయేవి. బండి పోతే దుమ్ము, ఎద్దు పోతే పేడ. వేపచెట్లు ఒకటొకటి దుకాణాలకు చోటిచ్చాయి. ఊరు పెరిగితే మంచిదే అంటారు. మా చీరలు కూడా ఆ రైల్లోనే పోయేవి, నేను కాదనను. కానీ ఊరు పెరిగే కొద్దీ మేము వెనక్కి జరిగాము. జరిగి జరిగి ఊరి కొసన కానుగ తోపులో తేలాము.

ఆ తోపు ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. పెద్ద తోపేమీ కాదు. ఒక కొసన పెద్ద వేపచెట్టు ఒకటి, మిగతావన్నీ కానుగలు. కానుగ నీడ వేరు. వేప నీడ జల్లెడలా ఉంటుంది, కానుగ నీడ కప్పినట్టు ఉంటుంది. ఉగాది నాటికి పాత ఆకంతా రాలి, కొత్త ఆకు నూనె రాసినట్టు మెరుస్తూ వస్తుంది. దాంతోపాటే సన్నటి పూలు రాలతాయి, తెలుపూ ఊదా కలిసిన రంగు. చూడ్డానికి అందమే. తడి పడుగు మీద పడితే మాత్రం అతుక్కుపోతాయి, ఆరితే మరక. ఒక్కొక్కటీ గోటితో ఏరిపారేయాలి. కొత్త కోడళ్ళకు ఆ పని. చెట్టును తిట్టుకుంటూనే ఆ పని చేసేదాన్ని, పుట్టింటికి పోతే ఆ చెట్లే గుర్తొచ్చేవి.

తోపులో మాకున్న బాధ ఒకటే. పడుగు గుంజి కట్టడానికి గట్టి గుంజలు కావాలి. పాతి వదిలేస్తే ఎవరో ఒకరు పొయ్యి కిందికి పీక్కుపోయేవారు. అందుకని ప్రతిసారీ ఇంటి నుంచి మోసుకుపోయి, పాతి, మళ్ళీ పీకి మోసుకు రావడం. ముందు దసరాకు మామ మరి నలుగురు పెద్దమనుషులతో సంస్థానం కచేరీకి పోయి, తోపులో శాశ్వతంగా గుంజలు పాతించండని దండం పెట్టి వచ్చాడు. అక్కడి గుమాస్తా చూస్తామన్నాడట. చూస్తామంటే చూస్తారనే మామ నమ్మాడు. అలాంటి మనిషి ఆయన.

ఆ ఆదివారం మాకు పడుగు ఉంది. ముందు రోజు శనివారం వాడకట్టంతా మగ్గాల మీదే ఉంది, తోపు దిక్కు పోయినవాళ్ళు లేరు. కాబట్టి అక్కడ ఎవరు ఏం చేసి పోయారో మాకు తెలియదు. తెల్లారుతుండగా మామ ముందు, వెనక పడుగు చుట్ట భుజాన వేసుకొని మా ఇంటాయన, ఆ వెనక గంజి కడవతో అత్త, కుంచెలతో నేను. తోపులో అడుగు పెట్టగానే మామ ఆగిపోయాడు.

తోపు నడిమధ్య నుంచి నడుమెత్తు గుంజలు వరసగా పాతి ఉన్నాయి. మణికట్టు కంటే లావు తుమ్మ కర్రలు, తలకు తెల్ల సున్నం. చెట్ల మొదళ్ళకు ఎర్రటి జాజు పట్టెలు పూసి ఉన్నాయి, మనం గడపలకు పూసినట్టు.

మామ ఒక గుంజను పట్టుకొని ఊపాడు. కదల్లేదు.

"ఏమే, చూసినవా? మొర ఆలకించిండ్రు" అన్నాడు అత్తతో. ఆ గొంతు నేను అంతకు ముందు వినలేదు.

అత్తకు దేన్నీ ఒక్కసారిగా నమ్మే గుణం లేదు. చుట్టూ తిరిగి చూసింది. "చెట్లకు జాజు ఎందుకు పూసిండ్రు?"

"ఉగాది కదా. పూసిండ్రు."

"ఉగాది పొయ్యి ఎన్నాళ్ళాయె?"

"కచేరీ పని, ఆలస్యమైతది" అన్నాడు మామ.

అది బాగానే ఉందనిపించింది అత్తకు. కొంగు మూడి విప్పి పసుపూ కుంకుమా తీసి నా చేతిలో పెట్టింది. కొత్త గుంజకు పసుపు పెట్టకుండా పడుగు కట్టరు. ప్రతి గుంజకూ పసుపు రాసి బొట్టు పెట్టాను. చెట్ల జాజు పట్టెలు వట్టిగా కనిపిస్తుంటే వాటి మీదా బొట్లు పెట్టాను. గుంజలు, చెట్లు, అన్నీ పెళ్ళికి తయారైనట్టు కనిపించాయి.

చిక్కు ఒకటే వచ్చింది. ఆ గుంజల వరస మాకు కుదరలేదు. తోపులో ఐమూలగా వచ్చి నేరుగా చెట్లకే తగులుతోంది. రెండు గుంజల మధ్య చెట్టు ఉంటే పడుగు ఎట్లా చాపాలి? మామ అటు నుంచీ ఇటు నుంచీ చూసి, "పాతినోళ్ళకు నేత తెల్వదు పాపం" అన్నాడు. ఇంటాయనా ఆయనా కలిసి తోపు లోపలి నాలుగు గుంజలు పీకారు. తోపు అంచున, చెట్ల వరసకూ పక్కనున్న ఊరి పెంటగుంతలకూ మధ్య, తిన్నటి జాగా చూసి అక్కడ పాతారు. సున్నం తలలు పైకే ఉంచారు, మర్యాదగా.

అప్పటికి వాడకట్టు జనం వచ్చారు. పడుగు చాపాం. జొన్నగంజి పట్టించాం. మగవాళ్ళు ఇద్దరిద్దరు ఎదురెదురుగా నిలబడి కుంచెలు దువ్వుతున్నారు. నేను పూలు ఏరుతున్నాను. పొద్దు పొడిచింది.

ఓవర్సీరు సాబు అప్పుడు వచ్చాడు. సైకిలు, తల మీద టోపీ, ఒంటి మీద కోటు, చంకలో చుట్టిన కాయితాలు. ఆయన వెనకాల ఇనుప గొలుసు మోసుకుంటూ కొలతలకు సాయం పట్టే మనిషి. ఇతను మా ఊరివాడే. వాళ్ళ వెనక గొడ్డళ్ళు భుజాన పెట్టుకొని ఇద్దరు, మల్దకల్ నుంచి వచ్చిన అన్నదమ్ములు.

సాబు సైకిలు ఆపి చూశాడు. తన గుంజలు పసుపు పూసుకొని ఉన్నాయి. వాటికి పడుగు కట్టి ఉంది. పైగా అవి తను పాతిన చోట లేవు.

ఆయన నోరు తెరిచే లోపే మామ చేతులు తుడుచుకుంటూ ఎదురుపోయాడు. "సాబు, సల్లగుండాలె మీరు. దసరాకు అడుగుతే ఉగాదికి తీర్చిండ్రు. గట్టి గుంజలు. మా పాణం సల్లవడ్డది."

"ఏం గుంజలు?" అన్నాడు సాబు.

"గివే. పడుగుకు."

"అరే! ఇవి పడుగుకు గాదు. సడక్ నిశానీలు! ఇక్కడికెల్లి సడక్ పోతది, సీదా స్టేషన్ దాకా."

మామ నవ్వుతూనే ఉన్నాడు, మాట ఇంకా లోపలికి దిగలేదు. "సడక్ అంటే, చెట్లున్నయ్ గద సాబు."

సాబు గొడ్డళ్ళ వాళ్ళ దిక్కు చూశాడు. చెట్ల జాజు పట్టెల దిక్కు చూశాడు. వాటి మీద నేను పెట్టిన బొట్లు చూశాడు.  ఆ పట్టెలు ఎందుకో ఇక ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

కుంచెలు ఆగిపోయాయి.  ఆ తోపు పోతే మాకు ఇంకో తోపు లేదు. వీధి ఎప్పుడో పోయింది. గంజి పెట్టే జాగా లేకపోతే మగ్గం ఇంట్లో ఉన్నా లేనట్టే. అంతకు ముందే మా వాడకట్టులో రెండిళ్ళకు తాళాలు పడ్డాయి, వాళ్ళు షోలాపూరు మిల్లులకు పోయారు. మా ఇంటాయన కూడా ఒకటి రెండుసార్లు షోలాపూరు మాట ఎత్తాడు. అప్పుడు మామ అన్నం ముందు నుంచి లేచిపోయాడు. ఇప్పుడు ఆయన ముఖం చూడలేక నేను పూలు ఏరుతున్నట్టు వంగాను.

మొదట తేరుకున్నది అత్త. "అందరు ఉత్తగ సుమ్నె నిలవడ్డరేంది? గంజి ఎండుతది, దువ్వుండ్రి!" అని అరిచింది. తర్వాత సాబు దిక్కు తిరిగింది. "నిశానీయో గుంజో, పడుగు తడిమీదున్నది. ఇప్పుడు ఇప్పితే పోగు పోగుకు అంటుకుంటది, ఇగ పనికి రాదు. ఆరనీయ్, ఆరినంక మాట్లాడుదం."

సాబు మంచివాడే. "సరే, ఆరనీయ్" అన్నాడు. "అప్పటిదాక ఆ కొస కొలుద్దాం" అని గొలుసు మనిషితో చెప్పి, పడుగు దగ్గరికి వచ్చి కాలెత్తాడు.

"దాటొద్దు!" వాడకట్టంతా ఒక్క గొంతుతో అరిచింది. ఆయన కాలు గాలిలో ఆగింది.

"క్యోం?"

గొలుసు మనిషి చిన్నగా చెప్పాడు. "దాటరు సాబు. తడి పడుగు."

"అయితే నువ్వు కిందికెల్లి దూరు."

"కింద అసలే దూరరు సాబు. మా అవ్వకు తెలిస్తే ఇంట్ల బువ్వ పెట్టది."

"అట్లయితే ఎట్ల పోవాలె?"

"చుట్టు తిరిగి పోవాలె సాబు."

ఒక దిక్కు పెంటగుంతలు. ఇంకో దిక్కు పల్లీల బండ్ల బారు. సాబు బండ్ల మధ్య నుంచి దుమ్ములో చుట్టు తిరిగి అవతలికి పోయాడు. పోయాక గుర్తొచ్చింది, కాయితాలు ఇవతల సైకిలు మీద ఉన్నాయి. మళ్ళీ చుట్టు తిరిగి వచ్చాడు. రెండో సారికి మా ఎదురింటి అవ్వ, పళ్ళు లేని నోటితో, "సాబు మన పడుగుకు ప్రదక్షిణ చేస్తుండు" అంది. ఆ భయంలో కూడా నవ్వు ఆగలేదు మాకు. ఆయనకూ వినపడింది. ఆయన నవ్వలేదు గానీ తిట్టలేదు కూడా.

గొడ్డళ్ళ అన్నదమ్ములను అటు కొసన ఉన్న చెట్టుతో మొదలు పెట్టమన్నాడు. పెద్దవాడు తల గోక్కున్నాడు. "పడుగు తీయనీయ్ సాబు. కొమ్మ ఇరిగి దాని మీద పడితే వాళ్ళ ఉసురు మాకు తాకుతది. మేం ఇంటికి పోయి దేవునికి మొగం చూపియ్యాలె." చిన్నవాడు అప్పటికే గొడ్డలి పక్కన పెట్టి కూర్చున్నాడు.

పడుగు తీసేదాకా చెట్టు పడదు. ఆ మాట అత్త చెవిన పడింది. నా దగ్గరికి వచ్చి, పూలు ఏరుతున్నట్టే వంగి, "పిల్లా, ఉరుకు. ఎదురింటి అవ్వ పడుగు సుట్టి పెట్టుకున్నది. తెమ్మను. మిల్లు పక్క ఇంటోళ్ళను గుడ తెమ్మను. గంజి మన ఇంట్ల ఇంకో కడవ ఉన్నది" అంది.

"అవ్వ వంతు మంగళారం గద అత్తా?"

"మంగళారానికి నీడ ఉంటె గద!"

ఉరికాను. అట్లా మా పడుగు సగం ఆరుతుండగానే పక్కన అవ్వ పడుగు చాపాం. అది తడిగా ఉండగానే ఇంకొకటి వచ్చింది. ఎందుకని ఎవరూ ఎవరినీ అడగలేదు. సాబు మాత్రం అడిగాడు. "ఇంకా ఎన్ని ఉన్నయ్?"

"వాడకట్టు పడుగులన్నీ ఇయ్యాల్నే పడ్డయ్ సాబు" అంది అత్త, దేవుడి ముందు చెప్పినట్టు.

ఇది ఊరికే ఆడిన ఆట కాదు. పొద్దెక్కాక గంజి పెట్టకూడదు. నీడలో కూడా గాలి వేడెక్కుతుంది, నూలు పెళుసవుతుంది. అవ్వ పడుగు మా కళ్ళ ముందే టపటపా తెగింది. ఆ ముసలామె తెగిన పోగులు అతుకుతూ కూర్చుంది. మగ్గం మీద ఆ పడుగు ఆమెను ఎన్నాళ్ళో ఏడిపించింది. ప్రతి ముడికీ సాబును తిట్టేది, తర్వాత మా అత్తను తిట్టేది, ఆ తర్వాత ఆ ముడి గట్టిగా పడిందని మురిసేది.

మామకు ఈ పని నచ్చలేదు. ఆయనకు దాపరికం చేతకాదు. తలపాగా తీసి చేతిలో పట్టుకొని సాబు దగ్గరికి పోయాడు. సంస్థానం గుంజలు పీకడమంటే చిన్న తప్పు కాదని ఆయనకూ తెలుసు. ఇంటాయన ఆపబోయాడు, ఆగలేదు.

"సాబు, నీ గుంజలు పీకింది నేనే. నాలుగు. ఎవరినీ అనకుండ్రి."

"నాకు తెల్వదా? చూస్తే కనవడ్తలేదా? ఎందుకు పీకినవ్?"

"చెట్లకు అడ్డమొచ్చినయ్ సాబు."

సాబు టోపీ తీసి కింద కొట్టాడు. "అరే ముసలోడా! నా గుంజలు చెట్లకు అడ్డం రాలె. నీ చెట్లే నా గుంజలకు అడ్డమొచ్చినయ్!"

మామ ఆ టోపీ ఎత్తి దుమ్ము దులిపి ఇచ్చాడు. "చెట్లు ముందుగాల్నుంచి ఉన్నయ్ గద సాబు" అన్నాడు. ఎదురు చెప్పినట్టు కాదు. తెలియని మనిషికి దారి చెప్పినట్టు.

సాబు పోయి వేపచెట్టు వేరు మీద కూర్చున్నాడు. ఆయన కష్టం కూడా చెప్పాలి. సడక్ గీటు గీసినట్టు పోవాలని పై అధికారి మాట. తిన్నటి సడక్ ఆయనకు గొప్ప, మాకు తిన్నటి పడుగు గొప్ప. ఎవరి గొప్ప వాళ్ళది.

పొద్దు నడినెత్తికి వస్తుండగా గాడ్పు లేచింది. చైత్రంలో మా పాలమూరు గాడ్పు ఎట్లుంటుందో తెలిసిన వాళ్ళకు చెప్పక్కర్లేదు. మూడో పడుగు కొస కట్టిన తాడు ఊడింది. అటువైపు ఉండాల్సిన మా ఇంటాయన నీళ్ళకు పోయాడు. పడుగంతా పాములా లేచింది. నేలకు తాకితే మట్టి పట్టి పోయినట్టే.

"పట్టు! పట్టు సాబు, పట్టు!" మామ అరిచాడు. ఓవర్సీరు అని కాదు, ఆ కొసకు దగ్గరున్న మనిషి అని అరిచాడు.

సాబు లేచి ఎగిరి పట్టుకున్నాడు. రెండు చేతులతో, కడుపుకు అదుముకొని. ఒంటి మీది కోటు నిండా గంజి.

"వదలకు!"

"వదుల్తలే!"

"వెనుకకు గుంజు! నడుము ఆనిచ్చి గుంజు!"

"గుంజుతున్న!"

గాలి తగ్గేదాకా పట్టుకున్నాడు. తాడు కట్టడానికి చేతులు ఖాళీ లేవు, అందరూ పోగులు సర్దుతున్నారు. ఇంటాయన నీళ్ళతో వచ్చినా మామ ఆయన్ను కుంచె పట్టమన్నాడు. సాబు అట్లాగే నిలబడ్డాడు. నేను ఆ కొసనే పూలు ఏరుతున్నాను. ఒక పువ్వు ఆయన చేతి మీద పడితే అది ఏం పువ్వని అడిగాడు. కొత్త కోడలిని, పరాయి మనిషితో మాట్లాడకూడదు. అయినా "కానుగ" అన్నాను.

"మస్తు రాల్తది."

"గాలి కద సాబు."

"చేతులు గుంజుతున్నయ్."

 "మాకు రోజు గుంజుతయ్" అన్నాను. అత్త విని కళ్ళెర్ర చేసింది.

చేతులు విడిపించాక అత్తే ఆయనకు జొన్న అంబలి పోసింది, ఉల్లిగడ్డ ఇచ్చింది. ఆయన కాదనలేదు. గొలుసు మనిషి, గొడ్డళ్ళ అన్నదమ్ములు, మేము, అందరం ఆ నీడలోనే కూర్చొని తిన్నాం. తిన్నాక సాబు ముఖం మీద టోపీ పెట్టుకొని పడుకున్నాడు. గురక పెట్టాడు. పెద్ద గురక. అవ్వ ముడులు వేస్తూ, "స్టేషన్ బండి గుడ ఇంత కూత పెట్టది" అంది. గొడ్డళ్ళ వాళ్ళూ నిద్రపోయారు. మేము పడుగులు ఆరబెట్టుకుంటూ వాళ్ళు లేవకుండా మెల్లగా నడిచాం.

మామ నిద్రపోలేదు. ఒక్కొక్క చెట్టు దగ్గరికీ పోయి చెయ్యి ఆనించి వచ్చాడు. 

సాబు లేచేసరికి పొద్దు కొంచెం పడమటికి తిరిగింది. లేచి కూర్చొని బయటికి చూశాడు. నీడ ఆగిన చోట నుంచి నేలంతా తెల్లగా మండుతోంది. బండ్ల ఎద్దులు నాలుకలు వేలాడేసుకొని పోతున్నాయి. ఒక బండివాడు ఎద్దులను మా తోపులోకి తోలి, విప్పి, తనూ ఒక చెట్టు కింద కూలబడ్డాడు. సాబు అది చూశాడు. తల ఎత్తి కొమ్మల్లోకి చూశాడు. మళ్ళీ బయటికి చూశాడు.

అత్తకు ఊరుకోవడం చేతకాదు. "నీడ తియ్యగున్నదా సాబు?" అంది.

ఆయన లేచి, ఈసారి అడగకుండానే పడుగుల కొస దాకా నడిచి చుట్టు తిరిగి, మామ పాతిన గుంజల దగ్గరికి పోయాడు. ఒక కన్ను మూసి వాటి వెంట చూశాడు. గొలుసు పట్టించి పెంటగుంతల అంచు దాకా కొలిపించాడు. తర్వాత మామను పిలిచాడు.

"ఇటుకెల్లి సడక్ వస్తే వంకర అయితది. పెద్దసాబు అడుగుతడు. ఏం జెప్పాలె?"

మామ అన్నాడు, "పెంటగుంతల జాగ ఊరికి పనికొచ్చిందని చెప్పుండ్రి. వాటిని మేం పూడుస్తం."

"ఎవరు? మీరా? నేసెటోళ్ళా?"

"మేమే."

సాబు కోటు మీద ఎండిన గంజిని గోటితో గీకుతూ ఆలోచించాడు. "అయినా ఆ కొసన రెండు చెట్లు పోతయ్. మలుపుకు జాగ గావాలె. వాటిని కాపాడుడు నా తోని గాదు."

మామ ఆ రెండు చెట్ల దిక్కు చూశాడు.  సరేనని తల ఊపాడు.

గుంజలు మామ పాతిన చోటే ఉంచమని సాబు గొలుసు మనిషికి చెప్పాడు. రెండు చెట్లూ ఆ సాయంత్రమే పడ్డాయి. మేము పడుగులన్నీ చుట్టి పక్కకు తీసుకున్నాకే అన్నదమ్ములు గొడ్డలి ఎత్తారు. మొదటి దెబ్బకు పూలన్నీ ఒక్కసారి రాలాయి. అత్త ఆ పక్కకు చూడలేదు, కడవ తోముతూ కూర్చుంది. ఆ రెంటిలో ఒక దానికి పొద్దున నేను పెట్టిన బొట్టు పడిపోయాక కూడా కనిపిస్తూనే ఉంది.

వానలు పడే లోపల పెంటగుంతలు పూడ్చాం. పగలు మగ్గం, పొద్దు వాలినాక తట్ట. ఆడా మగా అందరం. పట్టుపోగు పట్టే వేళ్ళు కదా, బొబ్బలెక్కి చీర మీద మరక పడితే అత్త ఆ కొంత విప్పి మళ్ళీ నేయించింది. మామ ఆ ఎండాకాలం పదేళ్ళు చిన్నవాడైనట్టు తిరిగాడు. షోలాపూరు మాట మా ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఇంటాయన కడదాకా గద్వాలలోనే నేశాడు.

ఓవర్సీరు సాబు మా మాటలకు కరిగాడని నేను రాయను. అత్త గడుసుతనానికీ, మామ మంచితనానికీ ఆయన లొంగలేదు. ఆ ఎండలో ఆ నీడ దొరికింది, ఆయనకు నిద్ర పట్టింది. అంతే. చెట్టు తన మాట తనే చెప్పుకుంది. బదిలీ అయి పోయేదాకా ఆయన ఆ దారిన వస్తే సైకిలు వేపచెట్టుకు ఆనించేవాడు. పడుగు చాపి ఉంటే కొస దాకా నడిచి చుట్టు తిరిగి పోయేవాడు. చుట్టు తిరగకుండా దాటబోయే తొందరపాటు మనిషిని చూస్తే, "దాటొద్దు బాబా, దాటొద్దు" అని మాకంటే ముందు తనే అరిచేవాడు.

ఇప్పుడు తోపుకు ఇనుప గేటు పెట్టారు. సిమెంటు బల్లలు వేశారు. పొద్దున పూట పెద్దమనుషులు చేతులూపుకుంటూ నడుస్తారు. పడుగులు ఇప్పుడు అక్కడ చాపరు, ఆ పని వేరే చోట్ల అవుతోంది. నేను పోయి బల్ల మీద కూర్చుంటాను. ఉగాది పోయాక పూలు ఒళ్ళో రాలతాయి, గోటితో ఏరి పారేస్తాను. చెయ్యికి అలవాటు. సడక్ వంపు దగ్గర బస్సువాడు హారన్ కొట్టి తిడతాడు. తిట్టనీ. వాడి తిట్లు తగలాల్సిన వాళ్ళెవరో రాసి ముగిస్తాను.

ఆ ఆదివారం తోపులో ఉన్నవాళ్ళు: గుంజలు పీకిన మా మామ. ఆయన వెంట పీకిన మా ఇంటాయన. గంజి కడవతో మా అత్త. మంగళవారం పడుగును ఆదివారమే తెచ్చి చెడగొట్టుకున్న ఎదురింటి అవ్వ. మూడో పడుగు తెచ్చిన మిల్లు పక్క ఇంటివాళ్ళు, మొగుడూ పెళ్ళామూ. కుంచెలు పట్టిన మా వాడకట్టు జనమంతా. వాళ్ళ అవ్వకు భయపడి పడుగు కింద దూరని గొలుసు మనిషి. గొడ్డళ్ళు పక్కన పెట్టి నిద్రపోయిన మల్దకల్ అన్నదమ్ములు. ఎద్దులను నీడకు తోలిన బండివాడు, వాడి పేరు గానీ ఊరు గానీ మేము అడగలేదు. పూలు ఏరుతూ నేను. కొసన, వేపచెట్టు దగ్గర, కోటు నిండా గంజి పూసుకొని పడుగు వదలకుండా పట్టుకున్న ఓవర్సీరు సాబు.